బ్రైట్ చేసిన ముఖం

స్టూడియోవాడు కౌంటరు మీద ఫ్రేము పెట్టి, చుట్టిన కాగితం విప్పాడు.

"ఎలా ఉంది పెద్దాయనా? ఫుల్ బ్రైట్ చేశాను."

"ఎవరీమె?" అన్నాను.

వాడు నవ్వాడు. పక్కనున్న మా మరదలు నవ్వలేదు. వాళ్ళక్క, అంటే నా భార్య, పోయి రెండు నెలలైంది. ఆమెకున్నది ఒకే ఒక్క ఫోటో, పనిచేసిన లాండ్రీవాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు మీదది. దాన్ని పెద్దది చేయమని ఇచ్చింది మరదలే.

ఫ్రేములో ఉన్నావిడ పిండిబొమ్మలా ఉంది. నా భార్య నలుపు. దవడ కింద ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ ఉండేది, బొటనవేలి గోరంత. అదీ లేదు. ఇరవై రెండేళ్ళు ఆవిరిలో నిలబడ్డ ముఖాన్ని వీడు కుర్చీలో కూర్చుని తుడిచేశాడు.

బ్రైట్ అన్న మాట నాకు కొత్త కాదు. మా ఊరి బడిలో మాస్టారు ముందు బెంచీవాళ్ళని బ్రైట్ అనేవారు. నన్నెప్పుడూ అనలేదు. బల్బు కొనబోతే కొట్టువాడు అదే అంటాడు. చీరలవాడు పసుపురంగు పరిచి అదే అంటాడు. పక్కింటివాళ్ళ అమ్మాయి భవిష్యత్తు కూడా అదేనట. ఉండనీ. మనిషి ముఖం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాటకి అర్థం తెలుపు. నలుపు మాకు నచ్చదని మొహాన చెప్పే ధైర్యం లేనివాళ్ళు దాన్ని వాడతారు.

మా పెళ్ళిలో ఇలాంటివాడే ఇంకొకడు ఆమెకి పౌడరు దట్టించబోయాడు. ఆమె వాడి చెయ్యి తోసేసి, "ఈ ముఖం పనికిరాకపోతే గోడకి తీసుకో ఫోటో" అని లేచి వచ్చేసింది. అందుకే మాకు పెళ్ళి ఫోటో లేదు. ఆ రోజు నేను నోరెత్తలేదు.

"మళ్ళీ చెయ్యి," అన్నాను. "కార్డులో ఎలా ఉంటే అలా."

"డల్‌గా వస్తుంది పెద్దాయనా. గోడ మీద కనిపించదు."

"నలుగురూ వచ్చే ఇల్లు బావా," మరదలు గొణిగింది. "అక్క కాస్త అందంగా ఉంటే మీకేం పోయింది?"

"మీ అక్కే పోయింది. ఇంకేం పోవాలి?"

ఆమె తల తిప్పుకుంది.

"ఇవాళ కుదరదండీ," అన్నాడు వాడు.

"కుదిరేదాకా ఉంటా."

ఫోటోలు తీసే తెర ముందు స్టూలుంటే దాని మీద కూర్చున్నాను. ఫోటో దిగడానికి ఇద్దరు వచ్చి, స్టూలు మీద నన్ను చూసి, వెళ్ళిపోయారు. మూడోసారి తలుపు తెరుచుకోగానే వాడు విసురుగా కంప్యూటరు వైపు జరిగాడు.

"మచ్చ కూడా కావాలా?"

"ముందు మచ్చ పెట్టు. తర్వాత మిగతా ముఖం చూద్దాం."

సాయంత్రం ముందుగదిలో మేకు కొట్టి తగిలించాను. మరదలు గుమ్మంలో నిలబడి కళ్ళు చికిలించింది.

"ఇక్కణ్ణుంచి సరిగ్గా కనిపించట్లేదు బావా. పైన ఒక లైటు పెట్టిద్దామా?"

"వద్దు. చూడాలనుకున్నవాళ్ళు దగ్గరికి రానీ."