గుడ్డ వెయ్యని అద్దాలు

సాయంత్రం కొట్టు కట్టేసే ముందు అద్దాలాయన ప్రతి అద్దానికీ గుడ్డ కప్పుతాడు. ఎదురెదురుగా ఉన్నవాటి సంగతి ముందు చూస్తాడు. అలా వదిలేస్తే పగలు లోపలికొచ్చిన వెలుగు ఈ అద్దంలోంచి ఆ అద్దంలోకి తిరుగుతూ తిరుగుతూ బరువెక్కుతుంది. తెల్లారేసరికి బల్లలు వంగిపోతాయి. ఒకసారి ఒక జత మరిచిపోతే గచ్చు పగిలింది. వీధిలో అందరికీ తెలిసిందే. అద్దాలు కొన్నవాళ్ళు కూడా మధ్యలో గుడ్డ పెట్టించుకునే పట్టుకెళ్తారు.

కొట్టు పైన గదిలో అద్దెకుండే ఫిజిక్స్ టీచరు రోజూ ఆ వేళకి దిగివచ్చి గుడ్డలు అందించేది. ఇద్దరికీ నలభై దాటాయి, ఇద్దరూ ఒంటరివాళ్ళు. వెలుగుకి ద్రవ్యరాశి లేదని క్లాసులో చెప్పి వచ్చేది. మరి కింద కొట్టు సంగతేంటని పిల్లలు అడిగితే, పరీక్షలో లేదనే రాయమనేది, కొట్లో మాత్రం చూసి అడుగెయ్యమనేది.

ఆయనకీ ఓపిగ్గా విడమరిచింది. వెలుగుకి తనకంటూ ద్రవ్యరాశి లేదు. అద్దాల మధ్య బంధిస్తే పెట్టెకి రవ్వంత బరువు చేరే మాట నిజమే గానీ, అది ఏ తక్కెడకీ అందదని పుస్తకం చెబుతోంది.

"పుస్తకానికి చెప్పండి మేడం, ఈ బల్ల ఆ చివర కాస్త పట్టుకోమని" అన్నాడాయన.

ఆవిడే పట్టుకుంది.

ఏళ్ళ తరబడి ఇదే వరస. మనిషి బంగారమే గానీ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. గుడ్డ అందుకుంటూ ఏదో చెప్పబోయి, "రేపు వానొచ్చేలా ఉంది" అంటాడు. ఎదురుచూసి చూసి ఆవిడకి విసుగొచ్చింది. వేరే ఊరికి బదిలీ అడిగి చేయించుకుంది. ఉండమని ఆయన ఒక్క మాటంటే రద్దు చేయించుకోవచ్చు, ఇంకా గడువుంది. ఆయన అనలేదు. ప్రయాణానికి ముందురోజు ఆవిడ పెట్టె దించి కొట్లో పెడితే, జ్ఞాపకంగా రెండు చేతి అద్దాలు తెచ్చి, తనే పుస్తకాల మీద సర్ది మూత వేశాడు. పట్టుకుని కుదిపెయ్యాలనిపిస్తుంది ఇలాంటివాళ్ళని.

పొద్దున్నే ఆటో వచ్చింది. ఆటో అతను ఎత్తబోతే పెట్టె కదల్లేదు. ఎదురుకొట్టు టైలరు కూడా చెయ్యి వేశాడు. ఊహూఁ.

టీచరు కింద కూర్చుని మూత తీసింది. రెండద్దాలూ ఎదురూబొదురుగా ఉన్నాయి, మధ్యలో గుడ్డ లేదు. అంచుల్లోంచి వెలుగు సన్నగా కారుతోంది. ఇంత అనుభవమున్న మనిషి ఇదేం పొరపాటని టైలరు గొణిగాడు.

"గుడ్డ మరిచిపోయారా?" అంది ఆవిడ.

అద్దాలాయన చెవులు ఎర్రబడ్డాయి. "లేదండీ. మరిచిపోలేదు."

విడదీస్తే చాలు, వెలుగు ఎగిరిపోయి పెట్టె తేలికైపోతుందని ఆవిడకి తెలుసు. అద్దాల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఉన్నవి ఉన్నట్టే మూత వేసి, ఆటో అతన్ని వెళ్ళిపొమ్మంది. కొట్టు వెనకే ఉన్న ఆయన ఇంటి గుమ్మం వైపు చూసింది.

"ఇంత బరువు నేను మేడ ఎక్కించలేను. మీ ఇంట్లో చోటుందా?"

ఈసారి ఆయనకి వాన సంగతి గుర్తురాలేదు.

"ఉంది" అన్నాడు.