లకీనీ

నా భార్య పోయాక పరామర్శకు వచ్చిన చుట్టాలకు ఒకటే బెంగ. ఆమె ఎలా పోయిందని కాదు, ఇన్నేళ్లూ స్వాహిలీలో తమ గురించి ఏమనేదని.

ఆఫ్రికాలో చాలాకాలం నేను బళ్లో లెక్కలు చెప్పాను. ఆ భాషను నేను పుస్తకంలో, ఆమె కూరగాయల బేరాల్లో నేర్చుకున్నాం. తిరిగి వచ్చేశాక కూడా ఇంట్లో అదే మాట్లాడుకునేవాళ్లం. చుట్టాల ఎదుట మరీ ధారాళంగా.

ఆ భాషలో పలకరింపుకు ఒక పద్ధతి ఉంది. "హబారి?" అని కుశలం అడిగితే, ఇల్లు కూలిపోయినా సరే, ముందు "ఎన్‌జూరి", అంటే బాగు, అనాలి. ఆ తరువాతే "లకీనీ", అంటే కానీ, అని అసలు సంగతి ఎత్తుకోవాలి. నేను బడి నుంచి వచ్చి ఎన్‌జూరి అనగానే, చేతిసంచి అందుకుంటూ "లకీనీ?" అని ఆమే అడిగేది. ఇక హెడ్మాస్టరు మీద చాడీలన్నీ చెప్పుకునేవాణ్ణి.

"అన్నయ్యగారూ, అడక్కూడదు గానీ, మా ఇంట్లో భోంచేసినప్పుడల్లా వదిన మీతో ఏదో అనేది. ఏంటది?" అంది బావమరిది భార్య.

"మారు వడ్డించుకోమనేదమ్మా."

నిజానికి మంచినీళ్లు దగ్గర పెట్టుకోమనేది.

"మరి నా గురించి, బావా?" అన్నాడు బావమరిది.

"నువ్వు మాట్లాడుతుంటే వింటూ ఉండిపోవచ్చు అనేది."

ఈ రేడియోకు మీట ఎక్కడుందో అనేది. అతను సంతోషించి ఇంకో గంట మాట్లాడాడు.

వెళ్లబోతూ ఫోనులో ఏదో వెతికి, గొంతు సవరించుకుని, "హబారి, బావా?" అన్నాడు.

ఉచ్చారణ ఘోరం. అయినా ఆమె పోయాక ఆ మాట నా చెవిన పడటం అదే మొదలు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"ఎన్‌జూరి," అన్నాను. అతని ముఖంలోకి చూస్తూ ఆగాను.

అతను ఫోను చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"బాగున్నాడటే! నే చెప్పలా, బావ గట్టి మనిషని? ఆయన భాషలో అడిగితే ఎలా చెప్పేశాడో చూడు!"

"పోన్లెండి, మన దిగులు తీరింది," అందావిడ చెప్పులు తొడుక్కుంటూ.

వీధి మలుపు తిరిగేదాకా రేడియో వినిపిస్తూనే ఉంది. మీట ఇంకా దొరకలేదని చెబుదామని, "లకీనీ..." అంటూ పక్కకు తిరిగాను.