ఫైటింగు లేని సినిమా

కాట్రేనికోనలో త్రిమూర్తులు గారి సినిమా హాలుకి వెళ్లేవాళ్లు కాస్త పసుపూ కొబ్బరినూనే ఇంట్లో సిద్ధంగా పెట్టుకుని మరీ వెళ్లేవారు. తెరమీద హీరోకి తగిలిన దెబ్బలు చూసేవాళ్ల ఒంటిమీద తేలేవి. సాయంత్రానికి కమిలి, తెల్లారేసరికి పోయేవి. ఫైటింగు సినిమా ఆడిన రోజున కాలవగట్టు పొడుగునా జనం కుంటుకుంటూ నవ్వుకుంటూ ఇళ్లకి పోయేవారు.

సుగుణ ఎప్పుడూ వెళ్లలేదు. ఆమెకి దెబ్బలు ఇంట్లోనే ఉండేవి. మొగుడు మోషే కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసేవాడు. రాయిలాంటి చెయ్యి. కూర చల్లారినా, పలకడం ఆలస్యమైనా లేచేది. అత్త సువార్తమ్మ గోడవైపు తిరిగి ప్రార్థన చేసుకునేది.

డెబ్బైతొమ్మిదిలో థాయిలాండు సినిమా ఒకటొచ్చింది. వాల్‌పోస్టరు మీద నలుగురు చేరి ఒకణ్ణి తంతున్నారు. కింద 'రీలు రీలుకీ ఫైటింగు' అని రాసుంది. సుగుణ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఆదివారం మ్యాటినీకి వెళ్దామండీ."

"నీకు సినిమా పిచ్చెప్పట్నించే?"

"నాక్కాదండి. మీరు చూడాలని."

ఒక్కసారి ఆయన ఒంటికి తెలిస్తే చాలనుకుంది. అందుకు తనూ తినాల్సిన దెబ్బల్ని లెక్కచెయ్యలేదు.

మొదటి రీల్లోనే దొంగలు హీరో కుడిచేతిని బండిచక్రం కింద నలిపేసేరు. హాలంతా ఈలలు. కానీ అంతే. ఆ తరవాత అతను చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని ఏటి ఒడ్డున కూర్చున్నాడు. బాతులకి మేత వేసేడు. వాన వచ్చి వెలిసింది. మళ్లీ కూర్చున్నాడు. దొంగలు తిరిగి రానేలేదు.

"ఫైటింగేదండీ త్రిమూర్తులు గారూ?" జనం అరిచేరు.

"ఆయ్, రీళ్ల పెట్టెలో వచ్చింది ఇంతేనండి," అన్నాడాయన, వేలాడుతున్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని.

అందరి కుడిచేతులూ అలాగే వేలాడుతున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఎడంచంకకి మార్చుకుని బయటికొచ్చేరు. మోషేకీ చెయ్యి వేలాడిందే గానీ, ఒంటిమీద ఒక్క మచ్చయినా తేలలేదు. దారి పొడుగునా సినిమాని తిట్టేడు. వెనకాల నడుస్తున్న సుగుణకి ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి ఊళ్లో అందరి చేతులూ వచ్చేసేయి. సుగుణ బిందె ఎత్తింది. మోషే చెయ్యి మాత్రం లేవలేదు.

అమలాపురంలో డాక్టరు గారు, "ఎముక శుభ్రంగా ఉందే," అన్నారు. సువార్తమ్మ ఉపవాసాలుంది. తోటలవాళ్లు దింపులకి వేరేవాళ్లని పెట్టుకున్నారు. సుగుణ కొబ్బరి రాశుల దగ్గర కాయలు మోసే పనికి కుదిరింది. సాయంత్రానికి మెడ నరాలు లాగేసేవి. ఇంట్లో కేక వినపడేది కాదు. మోషే అరుగుమీద కూర్చుని కాలవలోకి చూసేవాడు.

ఎడంచేత్తో తినడం అతనికి చేతకాలేదు. తల్లే తినిపించేది. ఆమె జ్వరంతో పడుకున్న పూట సుగుణ కంచం తీసుకుని ఎదురుగా కూర్చుంది. చేపల పులుసు కలిపి, ముద్ద చేసి చెయ్యెత్తింది.

మోషే గబుక్కున కళ్లు మూసుకుని, భుజాలు ముడుచుకుని, తల పక్కకి తిప్పేసేడు.

సుగుణ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అలా ముడుచుకోవడం ఎలా ఉంటుందో ఆమె ఒంటికి తెలుసు. కోరుకున్నది ఇదే కదా అనుకుంది. సంతోషం మాత్రం రాలేదు.

"అన్నమేనండీ," అంది.

అతను కళ్లు తెరిచేదాకా చెయ్యి దించకుండా కూర్చుంది.