నాయన కనబడే చోటు

రెండువేల మూడులో పక్కింటి సుంకప్ప పురుగుల మందు తాగి చనిపోయిన పూట, తిప్పన్న కూతురు మల్లీశ్వరి ఆ ఇంటి అరుగు మీదే ఆడుకుంటోంది. పదకొండేళ్ల పిల్ల. నురగలు కక్కుతున్న మనిషిని మంచం మీద మోసుకుపోతుంటే కళ్లారా చూసింది. ఏడవలేదు. ఇంటికొచ్చి సంగటి తిని పడుకుంది.

ఆ తర్వాతే మొదలైంది. కడుపునొప్పి అని బడి మానేసింది. తిప్పన్న చేనికి పోతే వెంట వచ్చేది. బీడీలకు అంగడికి పోతే అంగడి ముందు నిలబడేది. చెంబు పట్టుకుని పోయినా కంచె దగ్గర కాపు కాసేది.

"ఏమప్పా తిప్పన్నా, కూతుర్ని కాపలా పెట్టుకున్యావా?" అని ఊళ్లో నవ్వారు.

ఒకరోజు ఉరవకొండ బస్సెక్కితే, వెనక పరిగెత్తి బోర్లా పడింది. డ్రైవరు బస్సు ఆపి తిట్టాడు. తిప్పన్న దిగి, అందరి ముందూ కంపమండ విరిచి కొట్టాడు. దెబ్బలు తింటూనే అతని పంచె అంచు వదల్లేదు ఆ పిల్ల.

తల్లి నల్లమ్మ దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది. పిల్ల చిక్కి పుల్లయ్యాక ఉరవకొండలో డాక్టరమ్మకు చూపించారు. ఆమె తిప్పన్నను బయట కూర్చోమంటే, మల్లీశ్వరి తలుపు మూయనివ్వలేదు. కాసేపటికి డాక్టరమ్మే అతన్ని లోపలికి పిలిచింది.

"కడుపులో ఏం లేదు. నువ్వు చచ్చిపోతావని భయపడుతోంది."

"నేనెందుకు సస్తానమ్మా?"

"నువ్వే అన్నావంట కదా?"

తిప్పన్నకు అప్పుడు గుర్తొచ్చింది. శెనక్కాయ పంట మాడిపోయిన ఆ నెలలో, నల్లమ్మతో గొడవపడి, "సుంకప్ప సుఖపడినాడు, రేపో మాపో నాదీ అదే దావ" అని అరిచాడు. పొద్దున్నకల్లా మరిచిపోయాడు. నిజానికి అది ఒట్టి కోపమూ కాదు. పాకలో మందు డబ్బా ముందు చాలాసేపు నిలబడిన పూట ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. కూతురి మొహం చూడలేకపోయాడు.

అనంతపురంలో మనసు డాక్టరుకు చూపించమనీ, బడి మాన్పించొద్దనీ, కొట్టొద్దనీ చెప్పి పంపింది డాక్టరమ్మ.

బస్టాండులో తిప్పన్న పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టు, నేను సావను పాపా."

"మరి ఆ పొద్దెందుకన్యావు నాయనా?"

"కోపంలో అన్యాలే."

"మళ్లా కోపమొస్తే?"

తిప్పన్న పిల్ల తల మీంచి చెయ్యి తీసేశాడు.

అనంతపురం పోదామంటే నల్లమ్మ అడ్డుపడింది. "పిచ్చి డాక్టరు కాడికి పోయినారని తెలిస్తే రేపు దీన్నెవరు చేసుకుంటారు? వయసొస్తే అదే పోతాది." తిప్పన్న గట్టిగా ఎదురు చెప్పలేదు. లోలోపల అతనికీ అదే భయం.

వాన మళ్లీ మొహం చాటేసింది. ఇంటికి తాళమేసి రాయదుర్గం చేరారు. జీన్స్ కుట్టే షెడ్డులో తిప్పన్నకు ఇస్త్రీ పని దొరికింది. అక్కడి బడిలో వదిలి రాబోతే మల్లీశ్వరి గేటు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. మళ్లీ ప్రయత్నించే ఓపిక అతనికి లేకపోయింది. తనతోపాటే షెడ్డుకు తెచ్చుకున్నాడు. గడప దగ్గర ఊరికే కూర్చున్న పిల్లను చూసి, యజమాని ఆంజినప్ప ఆమె చేతికి చిన్న కత్తెర ఇచ్చి, ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించమన్నాడు.

రెండేళ్లు గడిచాయి. ఆంజినప్పకు ఆ పిల్లంటే గురి కుదిరింది. ఒకరోజు పనివాళ్లందరినీ కేకేసి చెప్పాడు.

"ఈ పిల్లను చూసి నేర్చుకోండి. కూసున్న చోటు నుంచి కదలదు, ఒక ఆటా లేదు, ఒక మాటా లేదు. అదృష్టవంతునివి తిప్పన్నా! ఇట్లాటి బిడ్డ ఎవరికుంటాది?"

పక్క సందులో ఆడపిల్లలు తాడాట ఆడుతున్న కేకలు వినబడుతున్నాయి. తిప్పన్న తల వంచుకుని ఇంకో ప్యాంటు బల్ల మీద పరిచాడు. మల్లీశ్వరి ఒకసారి తలెత్తింది. నాయన అక్కడే ఉన్నాడని చూసుకుని, మళ్లీ కత్తెర ఆడించింది.