నా వెనక కదలని కళ్ళు

నేను ఒక కళ్ళజోడును. దగ్గరి చూపు మందగించిన వాళ్ళు చదువుకోవడానికి పెట్టుకునేదాన్ని. కుడి చెవికి తగిలించే కాడ విరిగితే నల్లదారం చుట్టి కట్టారు. ఎడమ అద్దం మీద ఒక గీత ఉంది. అయినా నాకు కొంచెం పొగరు. తొమ్మిది మంది ఆడవాళ్ళకు ఒక్కదాన్నే చూపునిచ్చాను మరి.

ఒంగోలులో ఒక చిన్న కొట్టులో నాకు అద్దాలు బిగించారు. మొదట నన్ను కొన్నది రిటైరైన హెడ్మాస్టరు దేవసహాయం గారు. ఆయన నన్ను పెట్టుకుని పేపర్లో ముందుగా చావు కబుర్లే చదివేవారు. తనకంటే పెద్దవాళ్ళు పోతే తలాడించేవారు, చిన్నవాళ్ళు పోతే గుండె తడుముకునేవారు. ఒకనాడు ఆయన కబురే పేపర్లో వచ్చింది. ఆ ఏడు చర్చి కోతపండుగకు అందరూ గుమ్మడికాయలూ కోళ్ళూ కానుకగా తెస్తే, ఆయన భార్య నన్ను తెచ్చింది. ఆ కానుకల వేలంలో సలోమమ్మ గారు నన్ను పాడుకున్నారు. ఆవిడ బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా చర్చి వరండాలో చాప మీద వరసగా కూర్చునేవారు. దాదాపు అందరూ పొగాకు కంపెనీలో ఆకు వేరుచేసే కూలీలే. వేళ్ళు నల్లగా ఉండేవి, ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన పోయేది కాదు. పద్ధతి ఏమిటంటే మనిషికి ఒక వచనం, వరసలో. చదివినావిడ నన్ను తీసి పక్కావిడకిస్తుంది. ఎవరి చోటు వాళ్ళదే. తొమ్మిదేళ్ళయినా ఆ చోట్లు మారలేదు. చాప చిరిగిన చోట కూర్చునే ఆవిడ కూడా అక్కడే కూర్చునేది.

ముక్కుల మీద కూర్చునేదాన్ని కాబట్టి నాకు తెలిసే సంగతి ఒకటుంది. చదివే కళ్ళు కదులుతాయి. ఎడమ నుంచి కుడికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఒత్తు దగ్గర కాస్త ఆగుతాయి. నాలుగో చోట కూర్చునే దీనమ్మ కళ్ళు మాత్రం కదలవు. పేజీ మధ్యలో ఒకచోట నిలిచిపోతాయి. నోరు మాత్రం వచనాన్ని గడగడా అప్పజెప్పేస్తుంది. అందరిలోకీ బాగా చదివేది దీనమ్మేనని మెచ్చుకునేవాళ్ళు. మనుషులు చెవులతో చూస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ మోసగత్తె కాదు. ఆవిడ కొడుకు యోహాను ఇంటర్ చదివిన కుర్రాడు. తల్లికి అక్షరాలు నేర్పాలని పట్టుబట్టాడు. పగలంతా ఆకు ఏరి వచ్చిన ఆ తల్లికి పలక పట్టుకోగానే నిద్ర ముంచుకొచ్చేది. కొడుకు మనసు కష్టపెట్టలేక నాలుగు వచనాలు కంఠతా పట్టి, చదువుతున్నట్టు వినిపించింది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఆ పిచ్చివాడు నిలబడి, మా అమ్మకు నేనే చదువు నేర్పాను, ఇప్పుడు బైబిలు తనే చదువుకుంటుంది అని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇక ఆవిడకు వెనక్కి వచ్చే దారి లేకపోయింది.

కంపెనీలో పక్కపక్కనే కూర్చునే రాహేలమ్మ ఒక్కతికే ఈ సంగతి తెలుసు. వచ్చే వారం ఏ అధ్యాయమో తెలుసు, దీనమ్మది నాలుగో చోటని తెలుసు, కాబట్టి ఏ వచనం వస్తుందో లెక్కేసి, ఆకు ఏరుతూ ముక్కముక్కగా చెప్పేది. దీనమ్మ ఆమె వెంట అనేది. వరసలో కూడా రాహేలమ్మది ఆమె పక్క చోటే.

తర్వాత ఆ ఘోరం జరిగింది. రాహేలమ్మ భర్త నడిపే ట్రాక్టరులో పొగాకు బేళ్ళ మీద కూర్చుని వెళ్తున్న యోహాను మలుపులో జారి పడ్డాడు. ఆసుపత్రికి చేరలేదు. సమాధి దగ్గర రాహేలమ్మ చెయ్యి పట్టుకోబోతే దీనమ్మ మొహం తిప్పేసుకుంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. వరసలో మాత్రం పక్కపక్కనే కూర్చున్నారు. దీనమ్మ చదవడం అయ్యాక నన్ను చాప మీద పెట్టేది. రాహేలమ్మ చాప మీద నుంచి తీసుకునేది. ఆ జానెడు చాప మీద నేను ఏడాదిపాటు పడుకున్నాను.

మరి వచనం ఎవరు చెప్పేవారంటే, కంపెనీ వాచ్‌మన్ కోటయ్య. నుదుట విభూతి పెట్టుకునే మనిషి. దీనమ్మ సంచిలోంచి బైబిలు తీసి ఇస్తే, అన్నం వేళ చెట్టుకింద కూర్చుని, "ఏ దేవుడి మాటైతే ఏందమ్మా, చదివితే నా సొమ్మేం పోద్ది" అని ఓపిగ్గా చదివి వినిపించేవాడట. ఇదంతా వాళ్ళు తర్వాత నా ఎదుటే చెప్పుకున్నారు.

ఆ ఏడు సలోమమ్మ గారు థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం మొదలుపెట్టారు. ఆయన కూడా చేతిపని చేసుకుని బతికినవాడేనని చెప్పగానే ఆడవాళ్ళకు ఆయన మీద గౌరవం పెరిగింది. విశ్వాసం ఉంటే పని కనబడాలి, ప్రేమ ఉంటే కష్టపడాలి, ఆశ ఉంటే ఓర్చుకోవాలి అని ఆవిడ వివరిస్తే, కష్టపడ్డం మాత్రం మాకు నేర్పక్కర్లేదని ఒకావిడ అంది. అందరూ నవ్వారు. దీనమ్మ నవ్వలేదు.

నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనం నుంచి చదవాల్సిన ఆదివారం వచ్చింది. దీనమ్మకు పన్నెండో వచనం రావాలి. కోటయ్య దగ్గర అదే పట్టుకొచ్చింది. కానీ ఆ రోజు పక్కూరి పాస్టరు గారి భార్య చుట్టపుచూపుగా వచ్చారు. అతిథి కదా అని ఆవిడను మొదటి చోట కూర్చోబెట్టారు. వరసంతా ఒక చోటు జరిగిందని దీనమ్మకు తట్టలేదు. తన ముందావిడ నన్ను పెట్టుకుని, దీనమ్మ వారమంతా నేర్చుకున్న వచనాన్నే చదివేసింది.

నేను దీనమ్మ ముక్కు మీదికి వచ్చాను. ఆ కళ్ళు పేజీ మీద నిలిచాయి. ఆ ముక్కు చెమట పట్టింది. అందరూ ఎదురుచూస్తున్నారు. చదువు రాదని తేలితే తన పరువు పోవడం చిన్న సంగతి. చనిపోయిన కొడుకు నిండు సంఘంలో చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుంది. నాకు భయం వేసింది, కానీ నేను చూపు ఇవ్వగలనే గాని చదువు ఇవ్వలేను.

అప్పుడు పక్కనుంచి చాలా మెల్లగా ఒక గొంతు వినబడింది.

"నిద్రపోయినోళ్ళ సంగతి మీకు తెలియాలి, వదినా."

రాహేలమ్మ పుస్తకం కేసి చూడటం లేదు. నేను లేకుండా ఆవిడ చూసినా ఏమీ కనబడదు. అతిథి రాకపోతే, చనిపోయినవాళ్ళను నిద్రపోయినవాళ్ళనే ఆ పదమూడో వచనం ఆవిడకే వచ్చేది. ఆ తల్లి పక్కన కూర్చుని అది ఎలా చదవాలా అని వారం రోజులు ఏడ్చి, చదివి చదివి నోటికి తెచ్చుకుంది.

దీనమ్మ ఆ ముక్క అంది. రాహేలమ్మ రెండో ముక్క అందించింది, ఆశ లేనివాళ్ళు ఏడ్చినట్టు మీరు ఏడవొద్దని. దీనమ్మ అది కూడా అంటూ ఏడ్చేసింది. నా అద్దాలు తడిసిపోయాయి. కొడుకు గుర్తొచ్చి గొంతు పూడుకుపోయిందని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అది కూడా నిజమే.

దీనమ్మ నన్ను తీసింది. కొంగుతో తుడిచింది. చాప మీద పెట్టలేదు. రాహేలమ్మ వైపు తిరిగి, తన చేతులతోనే ఆమెకు పెట్టింది.

ఆ తర్వాత ఆదివారం కాని రోజుల్లో సలోమమ్మ గారు నన్ను దీనమ్మకు ఇచ్చి పంపేవారు, కారణం అడగలేదు. అన్నం వేళ రాహేలమ్మ కంపెనీ గచ్చు మీద పేరుకున్న పొగాకు దుమ్ములో వేలితో అక్షరాలు రాసేది. దీనమ్మ దిద్దేది. తుమ్ములూ, విసుగూ, నావల్ల కాదనడాలూ చాలా జరిగాయి. కోటయ్య అప్పుడప్పుడూ వచ్చి గుణింతం సరిచేసి పోయేవాడు.

ఎనిమిది నెలలకు సలోమమ్మ గారు అదే ఉత్తరం మళ్ళీ చదివించారు. ఆఖరి అధ్యాయంలో తన వంతు వచ్చినప్పుడు దీనమ్మ నన్ను పెట్టుకుంది. ఆ వచనం ముందుగా ఎవరూ చెప్పలేదు. నా వెనక కళ్ళు కదిలాయి. ఒక ఒత్తు దగ్గర ఆగాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ ముందుకు నడిచాయి. ఒక్క వచనానికి బోలెడంత సేపు పట్టింది.

దీనమ్మ సంచిలో నేను ఇంటికి వెళ్తుంటే, వెనక నడిచే ఒకావిడ పక్కావిడతో అంది, పాపం కొడుకు పోయిన దిగులుతో దీనమ్మ చదువు బాగా మందగించింది, ఇదివరకు గడగడా చదివేదని.

ఇప్పుడు నేను చర్చి బీరువాలో, పాత పాటల పుస్తకాల పక్కన ఉన్నాను. అందరికీ ఎవరి కళ్ళజోళ్ళు వాళ్ళకు వచ్చాయి. నన్ను తీసేవాళ్ళు లేరు. ఆ ఆదివారం మాత్రం తలుచుకుంటూ ఉంటాను. దీనమ్మ చదువు మందగించిందన్న మాట విని రాహేలమ్మ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోతే, దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అననీలే వదినా. మా యోహాను చెప్పింది నిజమైంది. నాకది చాలు."