వదులు కుట్టు

టూటూని, అంటే బాలే నర్తకి కట్టే కుచ్చుల పావడాని, సంచిలో తలకిందులుగానే పెట్టాలి. తిన్నగా పెడితే ప్రయాణంలో కుచ్చులు వాలిపోయి, దిగేసరికి వానలో తడిసిన కోడిలా తయారవుతుంది. కాపితొలీనా ఒక్కొక్కదాన్నీ నడుము దగ్గర పట్టుకుని తిప్పి, గుండ్రటి కాన్వాసు సంచిలో ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. మధ్య మధ్య పాత దుప్పటి ముక్క వేస్తోంది. బాలే బృందం మర్నాడు పొద్దున్నే పారిస్ వెళుతోంది. లెనిన్‌గ్రాడ్‌లో జూన్ వచ్చినా థియేటరు కుట్టుగదికి మాత్రం చలి వదల్లేదు. ఆమె భుజాల మీద ఉన్ని శాలువా ఉంది. సూది పోట్లకు కాయలు కాసిన వేళ్ళు, వంగీ వంగీ ముందుకు పడిపోయిన మెడ.

"జోల కూడా పాడు కాపా పిన్నీ," అంది ఫైనా, ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి. "పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెడుతున్నావు."

"నోరు మూసుకుని పని చూడు. ఆ రిబ్బను కాల్చావంటే నిన్నే చుట్టి పంపిస్తా."

"పంపించు తల్లీ! పారిస్ చూసొస్తా."

సంచి పట్టీలు బిగించడం మాత్రం కాపితొలీనా ఎప్పుడూ ఫైనాకే వదిలేస్తుంది. నలభై ఒకటిలో యుద్ధానికి వెళుతున్న భర్త సంచి తన చేతులతోనే బిగించింది. మరుసటి చలికాలం, జర్మన్లు ముట్టడించిన ఊరి నుంచి గడ్డకట్టిన సరస్సు మీదుగా దాటుతున్న చెల్లెలి సంచి కూడా. ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచీ ఉత్తరం రాలేదు. సంచి బాగానే బిగించానా, దారిలో ఊడిపోయిందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంది. పిచ్చి ఆలోచన అని ఆమెకూ తెలుసు.

ఆమె ఈ గదికి పదహారేళ్ళ పిల్లగా వచ్చింది. పని నేర్పిన గ్లఫీరా జార్ల కాలం నాటి మనిషి. గ్లఫీరా కుట్టిన పావడాలు మోకాళ్ళ దాకా ఉండేవి. గంజి పెట్టిన పల్చటి గుడ్డ గంటలా కిందికి వాలేది. అంతకు ముందు కాలంలో పిక్కలు కూడా దాటేవట, నర్తకి నడుస్తుంటే పొగ కదిలినట్టుండేదట. తర్వాత పిల్లలు కాళ్ళు ఇంకా ఇంకా పైకి ఎత్తడం నేర్చారు. ఎత్తిన కాలు జనానికి కనపడాలన్నారు. కత్తెర వేస్తూ పోయారు. గంట గిన్నె అయింది, గిన్నె పళ్ళెం అయింది. గంజి గుడ్డ పోయి నైలాను వల వచ్చింది. పళ్ళెం వాలకుండా పొరల మధ్య ఉక్కు తీగ వచ్చింది. గ్లఫీరా పోయే ముందు ఒక కొత్త టూటూని చేత్తో తడిమి చూసి, "ఇది పావడా కాదే, టోపీ. పిల్ల పొరపాటున నెత్తిన పెట్టుకోగలదు," అంది. అది చెప్పి నవ్వే మనిషి ఇప్పుడు కాపితొలీనా ఒక్కతే.

ఫైనా భోజనానికి వెళ్ళాక రిమ్మా వచ్చింది. గోడపత్రికల్లో హంస వేషంలో ఆమె బొమ్మ, పెద్ద అక్షరాల్లో పేరు ఉంటాయి. కాపితొలీనా కళ్ళకు మాత్రం, మొదటి కొలతలకు పీట మీద నిలబడి చలికి వణికిన తల్లిలేని పిల్లే. అప్పటి నుంచి ఆమె టూటూలన్నీ ఈ చేతుల్లోనే తయారయ్యాయి. ఆదివారాలు పిన్ని గదికి వచ్చి కాబేజీ సూప్ తాగుతుంది, వంట బాగా లేదని వంక పెడుతుంది, రెండోసారి పోయించుకుంటుంది. ఆ తలుపు తట్టే మనిషి ఇంకెవరూ లేరు.

"పిన్నీ, ఒకటి నేర్పు. ఈ పొరలన్నీ కలిపి ఎలా కుడతావు?"

"నీకెందుకే? మీతో షూరా వస్తోందిగా. కుట్టడానికేగా దాన్ని తీసుకెళుతున్నారు."

"షూరా చెయ్యి మొరటు."

"మొరటే. అయితే తిట్టి కుట్టించుకో."

రిమ్మా బల్ల మీది సూది తీసుకుని దారం ఎక్కించబోయింది. దారం సూది కంట్లోకి వెళ్ళడం లేదు.

కాపితొలీనా చేతిలోని టూటూ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఏ నర్తకీ ఈ మాట అడగలేదు. చిరిగింది తెచ్చి పడేస్తారు, కుట్టింది పట్టుకుపోతారు. ఎలా కుట్టారన్నది తెలియాల్సింది, కుట్టే మనిషి లేని చోట బతకబోయే వాళ్ళకే.

ఆమె టూటూని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

అప్పుడే యెర్మొలాయెవ్ లోపలికి వచ్చాడు. విదేశాలకు బృందం వెంట ప్రభుత్వ కాపలాగా వెళ్ళి అందరి పాస్‌పోర్టులూ తన జేబులోనే ఉంచుకునే మనిషి. రిమ్మా చేతిలో సూది చూసి ఆగాడు.

"ఇదేమిటి? మన హంసగారు దర్జీ పని ఎప్పుడు మొదలెట్టారు?"

రిమ్మా పెదవులు పాలిపోయాయి. అతను ఆమెను వదిలి ముసలామె వైపు తిరిగాడు. "ఏమిటి సంగతి, కాపితొలీనా సావెల్యెవ్నా?"

ఒక్క మాట చాలు. కుట్టు నేర్పమంటోంది, ఎందుకో నాకూ తెలీదు బాబూ, అంటే చాలు. పాస్‌పోర్టు సొరుగులో ఉండిపోతుంది. రిమ్మా కూడా ఉండిపోతుంది. పిల్లల నాట్య ప్రదర్శనల్లో చివరి వరసలో నిలబెడతారు. అయినా ఆదివారాలు వస్తుంది, సూప్‌కి వంక పెడుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాని రుచి కూడా ఆమెకు తెలిసింది.

"తిని తిని నడుం పెంచింది," అంది కాపితొలీనా. "హుక్కులు జరపమని పొద్దుట్నుంచీ నా ప్రాణం తీస్తోంది. నువ్వే జరుపుకో, అప్పుడు గానీ బుద్ధి రాదు అన్నాను."

యెర్మొలాయెవ్ పగలబడి నవ్వాడు. "బాగా చేశారు! అక్కడ కేకుల దుకాణం వైపు చూస్తే నేనూ ఇదే శిక్ష వేస్తా." సంచులు లెక్క చూసుకుని వెళ్ళిపోయాడు.

రిమ్మా ఏదో అనబోయింది.

"మాట్లాడకు. ఇటు రా, వెలుతుర్లో కూర్చో," అంది కాపితొలీనా. "పై పొరలోంచి సూది దించు. తీగ ఉన్న పొర దాకా పో. ఇప్పుడు పైకి తీసుకో. అలా లాగకు! బిగించావంటే గుంట పడుతుంది, పళ్ళెం ముడుచుకుపోతుంది. వేలు దూరేంత వదులుంచి ముడెయ్యి."

"మరీ వదులైతే?"

"ఏ పొరకాపొర లేచిపోతుంది. ఊఁ, విప్పు. మళ్ళీ కుట్టు."

రిమ్మా విప్పింది, కుట్టింది, వేలు పొడుచుకుంది, మళ్ళీ విప్పింది. కిటికీ లోంచి కాలువ మీద పడవ కూత వినిపించింది. చివరికి ఒక కుట్టు కుదిరింది. కాపితొలీనా టూటూని గాలిలో ఊపి చూసింది. పొరలన్నీ కలిసి కదిలి, కలిసి ఆగాయి. చెయ్యి పరవాలేదు అనుకుంది.

రిమ్మా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ప్రయాణానికి ముందు కాసేపు కూర్చోవాలిగా పిన్నీ," అంది.

"రేపు అందరితో కూర్చుంటావుగా."

"ఇక్కడ కూర్చుంటా."

వల ముక్కలు పడి ఉన్న బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆచారం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. రిమ్మా మోకాలు పిన్ని మోకాలికి తగిలి ఉంది. మెట్ల మీద ఫైనా అడుగులు వినపడగానే లేచారు.

"గొంతుకి మఫ్లరు చుట్టుకో," అంది కాపితొలీనా. "రైల్లో కిటికీ పక్కన కూర్చోకు."

"అలాగే పిన్నీ."

బృందం జులై నెలాఖరున తిరిగి వచ్చింది. కాపితొలీనాని పై అంతస్తులో అధికారుల దగ్గరికి రెండుసార్లు పిలిచి, ఆ రోజు నర్తకి ఏం అడిగిందో చెప్పమన్నారు. నడుం పెరిగిందని ఆమె రెండుసార్లూ చెప్పింది. రిమ్మా వెళ్ళింది 1967 జూన్‌లో. ఆ జులైలో రాలేదు. కాపితొలీనా మరో పంతొమ్మిదేళ్ళు బతికింది. అంతవరకూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.