సయోన్ కాచిన జెంబే

సయోన్ కోండేకి ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కానీ ఆ వానాకాలం దొరికిన కారణం మాత్రం నిజంగా పెద్దదే.

కురుసా ఊళ్ళో పెళ్ళయినా, బిడ్డకి పేరు పెట్టినా, ఆడేవాళ్ళ వలయంలో ముందు నిలబడి, మేకతోలు బిగించిన జెంబే డోలు వాయించేది ముసలి ఫామోరో కమరా. ఇప్పుడాయన మోకాళ్ళు అరిగిపోయాయి. దర్జీ నూన్‌కే కూతురి పెళ్ళే తన ఆఖరి వాయింపు అనీ, ఆ సాయంత్రం జనం లేచేలోగా ముందు చోటు ఎవరిదో చెప్పేస్తాననీ అన్నాడు.

ముందు చోటంటే మాటలా? ఆడే మనిషి పాదం ఎటు పడుతుందో కనిపెట్టి, ఆ పాదానికి మాట అందించేది ముందున్నవాడు. ఆడవాళ్ళు మురిసిపోయి నోటు తీసి వాడి నుదుటికే అంటిస్తారు. వెనకున్నవాడు పొద్దువాలేదాకా ఒకటే ముక్క వాయిస్తూ ఉండాలి, గోడలాగా. సయోన్ ఇన్నేళ్ళూ ఆ గోడే. గోడకి నోట్లు అంటించేవాళ్ళు ఎవరుంటారు? అయినా ఓర్చుకున్నాడు. ముసలాయన తర్వాత తనే కదా అనుకున్నాడు.

అలా అనుకుంటూ ఉండగానే సిగిరి అనే ఊరి నుంచి బాంజాన్ త్రావొరే ఊడిపడ్డాడు. పొడుగు మనిషి, నవ్వు మొహం, చేతుల్లో ఏముందో ఏమో, వాడు తోలు మీద వేలు పెడితే ముసలమ్మలు కూడా కొంగు బిగించేవాళ్ళు. చివరికి సయోన్ పెళ్ళాం తెనెన్, మొగుడికి వేరుశనగ పులుసు వడ్డిస్తూ వడ్డిస్తూ, "ఆ బాంజాన్ వాయిస్తుంటే నా కాళ్ళు నా మాట వినవనుకో" అంది.

"నీ కాళ్ళు ఎవడి మాట విన్నాయి గనక?" అని సయోన్ పళ్ళెం తోసేసి లేచిపోయాడు. ఆ రోజంతా కడుపు కాలింది. ఆకలికి కొంత, అసూయకి మిగతాది.

పోనీ నాలుగు తిట్టి కచ్చ తీర్చుకుందామా అంటే ఆ దారీ మూసుకుపోయింది. కోండే ఇంటివాళ్ళూ త్రావొరే ఇంటివాళ్ళూ తాతల నాటి నుంచీ ఎకసెక్కాల చుట్టాలు. మన బావామరుదుల కంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. ఎదురుపడితే బొబ్బర్లు మేసేవాడివనో, మా ఇంటి పాలేరువనో తిట్టుకోవాలి, తిట్టించుకున్నవాడు నవ్వాలి, కోపం తెచ్చుకుంటే ఊరు ఉమ్మేస్తుంది. సయోన్ విషమంతా కక్కినా అవతలవాడికి అది బెల్లప్పానకమే.

"ఏరా, బొబ్బర్లు మేసే మొహమా, ఇంకా చావలేదూ?" అనేవాడు సయోన్.

"నిన్ను పాతిపెట్టాక తీరిగ్గా చస్తాలే బావా. మా ఇంటి పాలేరువి, నిన్ను దిక్కులేకుండా వదిలేసి ఎలా పోతాను?"

చూసేవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. సయోన్ కూడా నవ్వేవాడు, పళ్ళు నూరుకుంటూ.

పెళ్ళిరోజు పొద్దున్నే వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి వెలిసింది గానీ చెమ్మకి జెంబేల తోళ్ళన్నీ మెత్తబడిపోయాయి. సెగకి తోళ్ళు మళ్ళీ బిగుస్తాయని మామిడిచెట్టు కింద గడ్డి మంట వేశారు. బాంజాన్ తన జెంబే పట్టుకుని వచ్చేసరికి సయోన్ అక్కడే ఉన్నాడు.

"ఇటు తే, నేను కాచి తెస్తా. నువ్వెళ్ళి తిండి తగలెయ్యి. నీకు దానికోసమే కదా పెళ్ళిళ్ళు."

"పాలేరన్నాక ఆ మాత్రం చెయ్యాలిగా" అని బాంజాన్ జెంబే వాడి చేతిలో పెట్టి అన్నం పళ్ళెం వైపు వెళ్ళిపోయాడు.

సయోన్ తోలుని మంటకి చూపించాడు. కాసేపటికి వేలితో తట్టాడు. ఖంగుమంది. బుద్ధున్న ఏ వాయిద్యగాడైనా అక్కడ ఆపేస్తాడు. సయోన్ ఇంకో గుప్పెడు గడ్డి వేశాడు. అంచున ఉన్న మేకవెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. ఇంకాస్త వంచాడు. మొదటి దెబ్బకే తోలు పగలాలి, వందమంది ముందు వాడు బోడి దుంగ పట్టుకుని వెర్రిమొహం వెయ్యాలి, ముసలాయన "సయోన్, ముందుకు రా" అనాలి. అంతే, అంతకంటే ఏం అడిగాడు దేవుణ్ణి?

వలయం కూడాక ఫామోరో తన ఆఖరి వాయింపు ముగించి బాంజాన్‌ని ముందుకు పిలిచాడు. వాడి మొదటి దెబ్బ పడింది. పగల్లేదు.

పగలకపోగా, తారస్థాయిలో బిగిసిన ఆ తోలు ఎన్నడూ లేనంతగా పలికింది. ఛెళ్ళుమన్న ప్రతి దెబ్బా రేకుల కప్పులకి తగిలి తిరిగొచ్చింది. పెళ్ళికూతురి తల్లి వచ్చి ఆడింది, మేనత్తలు ఆడారు, సయోన్ కళ్ళముందే తెనెన్ కూడా చెప్పులు విసిరేసి దూకింది. వెనక నిలబడి వాడు తన ఒకటే ముక్క వాయిస్తూ, పగులు, పగులు అని లోపల్లోపల మొక్కుకున్నాడు.

మొక్కు ఫలించింది, కాకపోతే చాలా ఆలస్యంగా. పెళ్ళికూతురి నాయనమ్మ కర్ర పక్కన పడేసి వలయంలోకి వచ్చింది. బాంజాన్ ఆవిడ పాదాలు చూస్తూ వేగం పెంచాడు, ఆవిడ చేతులు పైకెత్తింది, ఆఖరి దెబ్బ పడింది, తోలు తుపాకీ పేలినట్టు చీలిపోయింది.

ఒక్క క్షణం అంతా నోళ్ళు తెరిచారు. తర్వాత హోరు. వాయింపు జోరుకే చీలిందనుకున్నారు. "తోలు చీల్చాడమ్మా! మా నాయనమ్మ కోసం తోలు చీల్చాడు!" వంశాలు పొగిడి పాడే సిరా అప్పటికప్పుడు త్రావొరేల తాతముత్తాతలందరినీ లేపి పాట కట్టేసింది. జనం బాంజాన్ నుదుటికి అంటించడం మానేసి, చినిగిన జెంబేలోకి నోట్లు జారవిడవడం మొదలెట్టారు.

బాంజాన్ వచ్చి సయోన్‌ని వాటేసుకున్నాడు. "బావా, నా జన్మలో ఇది ఇలా పలకలేదు. ఎలా కాచావు?"

ఆ ముక్కతో సయోన్‌కి పూనకం వచ్చినట్టయింది. "పగలాలని కాచానురా! నీ పరువు గంగలో కలవాలని కాచాను. నువ్వు ఈ ఊరొచ్చిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. నిన్ను చూస్తే ఒళ్ళు మంట. నువ్వు చస్తే బాగుండునని ఉంది!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

"అబ్బ, కోండే అంటే వీడమ్మా!" అంది సిరా చప్పట్లు చరిచి. వలయం వలయమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. తెనెన్ నవ్వింది. బాంజాన్ నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డాడు. "ఏడుపు కూడా ఎంత బాగా తెచ్చాడో చూడండి! ఇదిగో బావా, కాచినందుకు కూలి" అని జెంబేలోంచి ఒక నోటు తీసి సయోన్ నుదుటికి అంటించాడు.

ఫామోరో ఒక్కడే నవ్వలేదు. ఆయన చీలిన తోలు అంచు మీద వేలు పెట్టి, మాడిన వెంట్రుకలు తడిమి, వేలు వాసన చూసుకున్నాడు. సయోన్ మొహంలోకి చూశాడు.

"నీ జెంబే వాడికియ్యి సయోన్" అన్నాడు మెల్లగా. "ఆట ఆగకూడదు. ముందు చోటు వాడిది."

సయోన్ భుజం మీంచి పట్టీ తీసి ఇచ్చాడు. ఇన్నేళ్ళూ తన చేతికింద ఒకటే ముక్క పలికిన జెంబే, బాంజాన్ చెయ్యి తగలగానే గలగలా మాట్లాడేసింది. అందులో ఇన్ని మాటలున్నాయని సయోన్‌కే తెలీదు. వాయిద్యం లేనివాడు వలయంలో ఉంటే చప్పట్లు కొట్టాలి. వాడూ కొట్టాడు. నుదుటి మీద నోటు చెమటకి అంటుకుపోయి ఉంది. పీకి పారెయ్యాలని ఉంది గానీ, చప్పట్లు ఆపితే అందరూ వాడివైపే చూస్తారు.